నల్లజాతి యువకులకు మార్గదర్శనం, నాయకత్వ శిక్షణ: అమెరికా అనుభవం

అమెరికా సంయుక్త రాష్ట్రాల్లోని నల్లజాతి యువకులు చదువులోనూ వృత్తిలోనూ ప్రజాజీవితంలోనూ నిలదొక్కుకొని, పదిమందిని నడిపించగలిగే స్థితికి చేరాలని ఆ సమాజపు పెద్దలు, చర్చిలు, కళాశాలలు, విద్యార్థి సోదర సంఘాలు, ఇటీవలి దశాబ్దాల్లో పాఠశాలల యంత్రాంగాలు, ప్రభుత్వమూ చేపడుతూ వచ్చిన కృషిని మార్గదర్శనం, నాయకత్వ శిక్షణ అని వ్యవహరిస్తారు. అనుభవమున్న ఒక పెద్దమనిషి ఒక చిన్నవాణ్ణి ఏళ్ల తరబడి కనిపెట్టుకొని ఉండి, అతని చదువుసంధ్యలను, నడవడిని, ముందున్న అవకాశాలను తన బాధ్యతగా పట్టించుకోవడం మార్గదర్శనం. అలా చేసేవారిని మెంటర్ అనడం తెలుగులోనూ వాడుకలో ఉంది. సభలో మాట్లాడటం, సంఘాన్ని నడపడం, డబ్బు లెక్కలకు జవాబుదారీగా ఉండటం, తన తర్వాతివాళ్లను చేరదీయడం వంటివి నేర్పడం నాయకత్వ శిక్షణ కిందికి వస్తుంది. ఈ కృషిని ఎవరో దయతలచి మొదలుపెట్టిన ఉద్ధరణగా చూడటం చరిత్రకు విరుద్ధం. బయటి సాయం అందిన మాట నిజమే అయినా, బానిసత్వం రద్దయి రెండేళ్లు తిరగకముందే దీనికి పునాది వేసినవారిలో నల్లజాతి పెద్దలే ముందున్నారు.

యువకుల మీద ప్రత్యేకంగా దృష్టి ఎందుకన్న ప్రశ్నకు ఆర్థికవేత్త రాజ్ చెట్టి, ఆయన సహచరులు 2018లో ప్రకటించిన అధ్యయనం గట్టి ఆధారం చూపింది. దాదాపు 2 కోట్ల మంది పిల్లల వివరాలను పరిశీలించిన ఆ అధ్యయనం ప్రకారం, ఒకే స్థాయి ఆదాయమున్న కుటుంబాల్లో పుట్టిన నల్లజాతి స్త్రీల సంపాదనకూ తెల్లజాతి స్త్రీల సంపాదనకూ పెద్ద తేడా కనిపించదు గాని, పురుషుల విషయంలో మాత్రం ఆ తేడా విపరీతంగా ఉంటుంది. సంపన్న కుటుంబాల్లో పెరిగిన నల్లజాతి అబ్బాయిలు కూడా అదే స్థాయి తెల్లజాతి అబ్బాయిల కంటే వెనకబడుతున్నారు. పేదరికమూ జాతి విద్వేషమూ తక్కువగా ఉండి, నల్లజాతి తండ్రులు పిల్లలతో కలిసి ఉంటున్న పేటల్లో ఈ అంతరం తగ్గుతుందని కూడా అందులో తేలింది. ఇక్కడ గమనించవలసింది ఏమంటే, ఒక అబ్బాయి సొంత తండ్రి ఇంట్లో ఉన్నాడా లేడా అన్నదానితో నిమిత్తం లేకుండా, ఆ పేటలో తండ్రులు ఉండటమే అతనికి మేలు చేస్తోంది. మార్గదర్శన కార్యక్రమాలన్నీ ఎన్నడో నమ్మిన సంగతికి గణాంకాల బలం చేకూరిందని చెప్పవచ్చు.

ఈ సంప్రదాయపు తొలి సంస్థల్లో ముఖ్యమైనది మోర్‌హౌస్ కళాశాల. 1867లో జార్జియా రాష్ట్రంలోని ఆగస్టా పట్టణంలో, స్ప్రింగ్‌ఫీల్డ్ బాప్టిస్టు చర్చి నేలమాళిగలో ఆగస్టా ఇన్‌స్టిట్యూట్ పేరుతో అది మొదలైంది. బాప్టిస్టు బోధకుడు, వడ్రంగి పనిలో ఆరితేరిన విలియం జెఫర్సన్ వైట్ దాని స్థాపకుల్లో ప్రముఖుడు. బోధకులను, ఉపాధ్యాయులను తయారుచేయడం దాని తొలి లక్ష్యం. 1879లో అట్లాంటాకు తరలివెళ్లిన ఆ విద్యాలయానికి 1906లో జాన్ హోప్ తొలి నల్లజాతి అధ్యక్షుడయ్యాడు. బాప్టిస్టు మిషన్ సంఘపు కార్యదర్శి హెన్రీ లైమన్ మోర్‌హౌస్ పేరును 1913లో దానికి పెట్టారు. జాతిలో ప్రతిభగల పదోవంతు మందికి ఉన్నత విద్య చెప్పిస్తే వారు తక్కినవారిని పైకి తెస్తారన్న ఆలోచనను 1896లో ప్రతిపాదించింది ఈ హెన్రీ మోర్‌హౌసే. దానిని 1903లో డబ్ల్యు. ఇ. బి. డుబాయిస్ తన వ్యాసంతో దేశమంతటా చర్చకు పెట్టాడు. చేతిపనుల శిక్షణకు పెద్దపీట వేసిన టస్కీగీ సంస్థ నిర్మాత బుకర్ టి. వాషింగ్టన్‌తో డుబాయిస్‌కు నడిచిన వాదంలో ఈ అంశం కేంద్రంగా నిలిచింది. కొద్దిమంది మీద ఆశలన్నీ పెట్టుకోవడంలో ఒక లోపం ఉంది. ఎంపిక కాని, నూటికి తొంభైమంది గతేమిటన్న ప్రశ్న ఆనాటినుంచి ఈ రంగాన్ని వదలలేదు.

ఒక మనిషి ఎదుగుదలను మరొక మనిషి ఎంతగా ప్రభావితం చేయగలడో చూపడానికి బెంజమిన్ ఎలైజా మేస్ జీవితం కంటే మంచి ఉదాహరణ దొరకదు. బానిసలుగా పుట్టిన తల్లిదండ్రులకు 1894లో దక్షిణ కరొలీనాలో పుట్టిన మేస్‌కు ఊహ తెలిసిన తర్వాతి తొలి జ్ఞాపకం, 1898లో గుర్రాల మీద వచ్చిన తెల్లవాళ్ల మూక తన తండ్రి చేత టోపీ తీయించి, మళ్లీ మళ్లీ వంగి దండం పెట్టించుకోవడం. పొలం పనుల మధ్య చదువుకుంటూ బేట్స్ కళాశాలలో పట్టా, 1935లో షికాగో విశ్వవిద్యాలయంలో డాక్టరేటు సంపాదించిన ఆయన, హోవర్డ్ విశ్వవిద్యాలయపు మత విద్యా విభాగానికి డీన్‌గా ఉన్న రోజుల్లో భారతదేశం వచ్చాడు. 1936 చివర వార్ధాలో గాంధీని కలిసి గంటన్నరసేపు అహింస గురించీ కులం గురించీ మాట్లాడాడు. మైసూరులో అంతర్జాతీయ వై.ఎం.సి.ఎ. సభలకు హాజరైన సందర్భంలో, అక్కడి అస్పృశ్యుల పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడు ఆయనను పిలిచి, గొప్ప స్థాయికి ఎదిగిన ఒక అస్పృశ్యుడని పిల్లలకు పరిచయం చేశాడు. ఆ మాటకు మేస్ మొదట నిర్ఘాంతపోయి, కోపగించి, చివరకు తన దేశంలో తన స్థితి అదేనని ఒప్పుకున్నట్టు 1971లో వెలువడిన ఆత్మకథలో రాసుకున్నాడు. ఆ ప్రధానోపాధ్యాయుడు తన పిల్లల ముందు ఒక సజీవ ఉదాహరణను నిలబెట్టాడు. మార్గదర్శనంలోని మొదటి పని అదే.

1940 నుంచి 1967 వరకు మోర్‌హౌస్ అధ్యక్షుడిగా ఉన్న మేస్ ప్రతి మంగళవారం ఉదయం సేల్ హాలులోని ప్రార్థన సమావేశంలో విద్యార్థులతో మాట్లాడేవాడు. జాతి వేర్పాటు చట్టాలు అమల్లో ఉన్న అట్లాంటాలో, బస్సులోనూ సినిమా హాలులోనూ అవమానం తప్పని ఆ కుర్రవాళ్లకు, ఎవరికీ తక్కువ కాని స్థాయిలో పనిచేయాలన్న పట్టుదలను ఆయన వారం వారం నూరిపోశాడు. యుద్ధం వల్ల విద్యార్థుల సంఖ్య తగ్గిన 1944లో, 15 ఏళ్ల వయసులోనే ప్రవేశం దొరికిన మార్టిన్ లూథర్ కింగ్ ఆ ఉపన్యాసాలు విని, తర్వాత అధ్యక్షుడి గదికి వెళ్లి వాటి మీద చర్చకు దిగేవాడు. చదువు ముగిశాక కూడా ఆ బంధం తెగలేదు. ఇద్దరిలో ముందు పోయినవారి అంత్యక్రియల్లో రెండోవారు మాట్లాడాలని వారు చెప్పుకున్న ఒప్పందం ప్రకారం, 1968 ఏప్రిల్ 9న కళాశాల ఆవరణలో కింగ్ గురించి సంతాప ప్రసంగం చేయవలసిన బాధ్యత 73 ఏళ్ల గురువు మీద పడింది. అట్లాంటా తొలి నల్లజాతి మేయర్ మేనార్డ్ జాక్సన్, పౌరహక్కుల నేత జూలియన్ బాండ్, దేశపు ప్రధాన ప్రజారోగ్యాధికారిగా (సర్జన్ జనరల్) పనిచేసిన డేవిడ్ శాచర్ మేస్ కాలపు విద్యార్థులే. అయితే మంచి గురువులుంటే అన్నీ సమకూరుతాయనుకోవడం భ్రమ. 2019 స్నాతకోత్సవంలో రాబర్ట్ ఎఫ్. స్మిత్ అనే పారిశ్రామికవేత్త ఆ ఏటి పట్టభద్రుల విద్యారుణాలు తీరుస్తానని ప్రకటించినప్పుడు, దాదాపు 400 మందికి అయిన మొత్తం 3.4 కోట్ల డాలర్లు. అంత అప్పు నెత్తిన పెట్టుకొని బయటికి వచ్చే యువకుడు ప్రజాసేవను ఎంచుకోవడం ఎంత కష్టమో ఆ అంకె చెబుతుంది.

కళాశాలల పక్కనే సోదర సంఘాలు పెరిగాయి. గ్రీకు అక్షరాల పేర్లతో నడిచే ఈ విద్యార్థి సంఘాల్లో సభ్యత్వం చదువు ముగిశాక కూడా జీవితాంతం సాగుతుంది. 1906 డిసెంబరు 4న కార్నెల్ విశ్వవిద్యాలయంలో ఏడుగురు విద్యార్థులు స్థాపించిన ఆల్ఫా ఫై ఆల్ఫా, పిల్లల్ని ఉన్నత పాఠశాలకూ కళాశాలకూ పంపాలన్న ప్రచారాన్ని 1920ల మొదటినుంచే నడిపింది. 1911లో ఇండియానాలో పుట్టిన కాపా ఆల్ఫా సై 1922లో గైడ్ రైట్ అనే వృత్తి మార్గదర్శన కార్యక్రమాన్ని చేపట్టింది. తమ సమాజపు పరిస్థితులను మెరుగుపరచాలన్న ఆలోచనతో 1963లో న్యూయార్క్‌లో హండ్రెడ్ బ్లాక్ మెన్ సంఘం ఏర్పడింది. 1986లో అది జాతీయ సంస్థగా రూపొందింది. ఇవి స్వచ్ఛంద సేవ మీద ఆధారపడిన సంస్థలు కావడంతో, వీటి ఫలితాలు ఊరూరికీ మారుతూ వచ్చాయి.

విజ్ఞాన రంగంలో ఈ కృషికి కొత్త రూపం ఇచ్చింది మేరీలాండ్ విశ్వవిద్యాలయపు బాల్టిమోర్ కౌంటీ ప్రాంగణంలోని మేయర్‌హాఫ్ కార్యక్రమం. పన్నెండేళ్ల వయసులో జాతి వేర్పాటుకు వ్యతిరేకంగా సాగిన 1963 నాటి బర్మింగ్‌హామ్ బాలల ఊరేగింపులో నడిచి అయిదు రోజులు జైల్లో ఉన్న ఫ్రీమన్ హ్రబౌస్కీ, దాత రాబర్ట్ మేయర్‌హాఫ్ సాయంతో 1988లో దీన్ని నెలకొల్పాడు. మరుసటి ఏడాది చేరిన తొలి జట్టులో 19 మంది నల్లజాతి యువకులు ఉన్నారు. తరగతులు మొదలవడానికి ముందు వేసవిలో ఆరు వారాలు వాళ్లంతా ఒకచోట ఉండి గణితం, విజ్ఞాన శాస్త్రాలు చదువుతారు; కలిసి చదవడం, తెలియనిది వెంటనే అడగడం, తొలి ఏడాదినుంచే ప్రయోగశాలలో పరిశోధకుల పక్కన పనిచేయడం అక్కడి నియమాలు. వెనకబడినవారికి ఊతమివ్వడమే మార్గదర్శనం అన్న అభిప్రాయాన్ని ఇది పక్కకు నెట్టింది. ఇక్కడ గురి పరీక్ష గట్టెక్కడం మీద కాక డాక్టరేటు మీద ఉంటుంది. ప్రవేశం దొరికినా కాదనుకొని వేరే విద్యాలయాలకు వెళ్లినవారితో పోలిస్తే, ఈ కార్యక్రమంలో చేరినవారు విజ్ఞాన రంగాల్లో డాక్టరేటు చదువుకు వెళ్లే అవకాశం అయిదు రెట్లకు పైగా ఉందని ఆ విద్యాలయం లెక్క కట్టింది. సర్జన్ జనరల్‌గా పనిచేసిన మరొకరు, జెరోమ్ ఆడమ్స్, ఈ కార్యక్రమంలోంచి వచ్చినవాడే. రెండో ఏడాదినుంచి స్త్రీలకూ, 1996నుంచి అన్ని జాతులవారికీ ఇందులో ప్రవేశం కల్పించారు.

డాక్టరేటు మాట అటుంచి, తుపాకి చప్పుళ్ల మధ్య ఇంటికి క్షేమంగా చేరడమే గండంగా ఉన్న పేటల పిల్లల కోసం షికాగోలో 2001లో యూత్ గైడెన్స్ సంస్థ బికమింగ్ ఎ మ్యాన్ అనే కార్యక్రమాన్ని మొదలుపెట్టింది. వారానికి ఒక గంట, బడి వేళల్లోనే, పది పదిహేనుమంది అబ్బాయిలు ఒక సలహాదారుతో గుండ్రంగా కూర్చుంటారు. ముందుగా ఎవరికి వారు ఒంట్లో ఎలా ఉందో, మనసులో ఏముందో చెప్పుకుంటారు. అక్కడి ఒక అభ్యాసంలో ఇద్దరిని జంటగా నిలబెట్టి, ఒకరి చేతిలో బంతి పెట్టి, దాన్ని అరనిమిషంలో సంపాదించమని రెండోవాడికి చెబుతారు. ఇంచుమించు అందరూ పిడికిలి విప్పడానికి కలబడతారు, గుంజుకుంటారు. ఆ తర్వాత సలహాదారు, బంతి ఇవ్వమని ఎవరూ నోరు తెరిచి ఎందుకు అడగలేదని ప్రశ్నిస్తాడు. అడిగితే పిరికివాడనుకుంటాడని ఒకడంటే, అడిగితే ఇచ్చేసేవాణ్ణేనని రెండోవాడు అంటాడు. వీధిలో ప్రాణం కాపాడే అలవాటు బడిలో ముప్పు తెచ్చే సందర్భాలున్నాయని, కాబట్టి ఒక్క క్షణం ఆగి ఆలోచించాలని ఉపదేశం లేకుండానే పిల్లలు గ్రహించడం ఈ పద్ధతిలోని నేర్పు.

షికాగో విశ్వవిద్యాలయ పరిశోధకులు చీటీలు తీసినట్టుగా పిల్లలను రెండు వర్గాలుగా విభజించి, ఒక వర్గానికే కార్యక్రమం అందించి పోల్చి చూశారు. 2009-10లో 18 పాఠశాలల్లో 2,740 మందితో జరిగిన పరీక్షనూ, ఆ తర్వాతి మరొక పరీక్షనూ కలిపి 2017లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, కార్యక్రమంలో పాల్గొన్న కాలంలో హింసాత్మక నేరాల కింద అరెస్టులు 45 నుంచి 50 శాతం, మొత్తం అరెస్టులు 28 నుంచి 35 శాతం తగ్గాయి. మొదటి పరీక్షలోని పిల్లల్లో బడి చదువు పూర్తిచేసినవారు 12 నుంచి 19 శాతం పెరిగారు. కాని అదే మొదటి పరీక్షలో, కార్యక్రమం ఆగిపోయాక అరెస్టుల్లో వచ్చిన తగ్గుదల నిలవలేదు. ఈ చివరి సంగతిని ప్రచారంలో తరచు వదిలేస్తారు. నిజానికి విధానకర్తలు మొదట చదవవలసింది దాన్నే.

కాలిఫోర్నియాలోని ఓక్లండ్ నగర పాఠశాలల యంత్రాంగం 2010లో నల్లజాతి అబ్బాయిల కోసమే ఒక విభాగాన్ని తెరిచి, నల్లజాతి ఉపాధ్యాయుల చేత చరిత్ర, సంస్కృతి, వ్యక్తిత్వ వికాసం బోధించే తరగతిని సాధారణ పాఠ్యక్రమంలో చేర్చింది. ఆ తరగతి ఉన్న చోట్ల నల్లజాతి అబ్బాయిలు బడి మానేయడం 43 శాతం తగ్గిందని స్టాన్‌ఫర్డ్ ఆచార్యుడు థామస్ డీ, ఎమిలీ పెన్నర్ జరిపిన అధ్యయనం 2019లో వెల్లడించింది. జాతీయ స్థాయిలో, ట్రేవన్ మార్టిన్ అనే పదిహేడేళ్ల బాలుడు 2012లో కాల్పులకు బలైన తర్వాత చెలరేగిన ఆవేదన నేపథ్యంలో, అధ్యక్షుడు బరాక్ ఒబామా 2014 ఫిబ్రవరి 27న ఇలాంటి అబ్బాయిలకు అండగా నిలిచే మై బ్రదర్స్ కీపర్ కార్యక్రమాన్ని ప్రారంభించాడు. అంతకు ఏడాది ముందు షికాగోలోని ఒక పాఠశాలలో ఆయన స్వయంగా బికమింగ్ ఎ మ్యాన్ బృందంతో కూర్చొని మాట్లాడి ఉన్నాడు.

ఈ కార్యక్రమాల మీద వచ్చిన విమర్శల్లో రెండు తోసిపుచ్చలేనివి. న్యాయశాస్త్ర ఆచార్యురాలు కింబర్లీ క్రెన్షా, ఆమెతోపాటు వెయ్యిమందికి పైగా స్త్రీలు 2014లో ఎత్తిచూపినట్టు, అవే పేటల్లో, అవే బడుల్లో పెరిగే నల్లజాతి అమ్మాయిలు వీటి దృష్టిలో పడలేదు. అబ్బాయిని సరిదిద్దడం మీదే శ్రద్ధంతా పెడితే, అతన్ని అకారణంగా ఆపి సోదాచేసే పోలీసు, పేరు చూసి దరఖాస్తు పక్కన పెట్టే యజమాని బాధ్యత నుంచి తప్పించుకుంటారన్నది రెండో విమర్శ. సంపన్న కుటుంబాల అబ్బాయిలు కూడా వెనకబడుతున్నారన్న చెట్టి అధ్యయనం దీన్ని బలపరుస్తోంది. విశ్వవిద్యాలయ ప్రవేశాల్లో జాతిని పరిగణించడం చెల్లదని 2023 జూన్ 29న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో, జాతి ప్రాతిపదికన నడిచే ఇతర కార్యక్రమాలు కూడా న్యాయపరీక్షను ఎదుర్కొనే పరిస్థితి వచ్చింది. మోర్‌హౌస్, మేయర్‌హాఫ్, షికాగో, ఓక్లండ్ అనుభవాలను కలిపి చూస్తే ఒక నిర్ణయానికి రావచ్చు: పెద్దలు వారం వారం తప్పకుండా హాజరై, వారికి జీతమో వసతో ఇచ్చే సంస్థ వెనక నిలిచిన చోట మార్గదర్శనం ఫలించింది, ఏడాది నిధులతో మొదలై ఏడాది చివర మూతపడిన కార్యక్రమం వల్ల కలిగిన మేలులో కొంత ఆ ఏడాదితోనే ముగిసింది.