ఒక చేయి - అనేక ఇంజన్లు

ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవని సామెత. ఒక రైలుకు రెండు ఇంజన్లు కట్టవలసి వచ్చిననాడు ఈ సామెతను అబద్ధం చేయవలసిన భారం ఇంజనీర్లపై పడినది. బలానికి బలం తోడైతే చాలునని పైకి తోచవచ్చును. కాని రెండు బలాలు ఒక్కటై పనిచేయవలెనంటే వాటిని నడిపే సంకల్పం ఒక్కటి కావలెను. ఈ సత్యాన్ని రాయలసీమ రైతుకు ఎవరూ బోధింపనక్కరలేదు. బండలాగుడు పందెంలో జోడెడ్లలో ఒకటి ముందుకు ఉరికి రెండవది వెనుకబడినచో, ఎంతటి బలం ఉన్నా బండ సాగదు. పట్టాలపై ఈ చిక్కును మానవుడు ఎట్లు విప్పుకొన్నాడో, ఆ కథ పిల్లల బొమ్మ రైళ్ళ వరకు ఎట్లు నడిచినదో ఈ ప్రసంగంలో చూతము.

కడప జిల్లాలోని కొండాపురం స్టేషను మదరాసు - బొంబాయి మార్గంలో ఉన్నది. మదరాసు రైల్వే కంపెనీ 1856 జూలై 1వ తేదీన రాయపురం నుండి వాలాజారోడ్డు వరకు తన తొలి మార్గాన్ని ప్రారంభించినది. అరక్కోణం వద్ద చీలిన వాయవ్య శాఖ రేణిగుంట, కడప, ఎర్రగుంట్ల, ముద్దనూరు, కొండాపురం, తాడిపత్రి, గుత్తి సీమల మీదుగా సాగి, 1871లో రాయచూరు వద్ద బొంబాయి వైపు నుండి వచ్చిన గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వేతో కలిసినది. ఆవలి భాగంలో 1863లో తెరచిన భోర్ ఘాటు ఉన్నది. బొంబాయి నుండి ఇటు వచ్చే రైలు అక్కడ 37 అడుగులు సాగేసరికి ఒక అడుగు ఎత్తు ఎక్కవలెను. ఒక ఇంజను శక్తి అందుకు చాలదు. వెనుకనుండి మరికొన్ని ఇంజన్లు నెట్టవలెను.

ఆవిరి యుగంలో ప్రతి ఇంజనుకూ వేరుగా ఒక డ్రైవరు, బొగ్గు వేసేవారు ఉండేవారు. ముందరి డ్రైవరు కూత వేయును. వెనుకవాడు కూతతోనే బదులిచ్చును. అటుపై ఎవరి చేయి వారిది, ఎవరి అనుభవం వారిది. ముందరివాడు ఆపబోవగా వెనుకవాడు ఇంకా నెట్టుచున్నచో నడుమనున్న పెట్టెలు ఒత్తుకొని పట్టాలు తప్పవచ్చును. ముందరివాడు ఒక్కసారిగా లాగినచో కొక్కెము తెగవచ్చును. రైలు క్షేమమంతయు ఒకరినొకరు చూడలేని ఇద్దరు మనుష్యుల పొత్తుపై ఆధారపడి ఉండేది.

ఈ చిక్కుకు తొలి సమాధానం విద్యుత్తునుండి వచ్చినది. ఫ్రాంక్ స్ప్రేగ్ అను అమెరికా ఇంజనీరు 1897లో, చికాగో నగరంలోని ఎత్తువంతెనల రైల్వే కొరకు ఒక నూతన పద్ధతిని కల్పించినాడు. ప్రతి పెట్టెకూ దాని మోటార్లు దానికే ఉండును. అన్ని పెట్టెల గుండా సన్నని తీగలు సాగును. ముందరి డ్రైవరు మీట త్రిప్పగా మోటార్లను నడిపే పెద్ద విద్యుత్తు ఆ తీగలలో పారదు. ఆజ్ఞ మాత్రమే పారును. ఆ ఆజ్ఞను అందుకొని అన్ని పెట్టెలూ ఒక్కసారిగా కదలును. ఆ సంవత్సరం జూలైలో జరిగిన ప్రదర్శనలో స్ప్రేగ్ తన పదేండ్ల కుమారుని చేత రైలును నడిపించి చూపినాడు. శక్తి వేరు, ఆజ్ఞ వేరు అని విడదీయుటయే ఆయన చేసిన మహోపకారం.

1925 ఫిబ్రవరి 3న బొంబాయిలోను, 1931లో మదరాసు బీచి - తాంబరం మార్గంలోను ప్రారంభమైన విద్యుత్ రైళ్ళు ఈ సూత్రం ననుసరించి నడిచినవే. 1962లో అమెరికా నుండి మన దేశానికి వచ్చి, 1964 నుండి వారణాసిలో తయారైన డీజిల్ ఇంజన్లకు కూడ ఈ సౌకర్యం ఉండెను. రెండింటిని జతచేసి నడుమ ఒక కేబుల్ తగిలించినచో వెనుకటి ఇంజనులో డ్రైవరు అవసరం లేదు.

ఇక బొమ్మ రైళ్ళ సంగతి. వాటిని నడిపే విద్యుత్తు పట్టాల నుండియే వచ్చును. వోల్టేజి పెంచినచో వేగం పెరుగును; దిశ మార్చినచో రైలు వెనుకకు నడుచును. అందుచేత ఒకే పట్టాలపై రెండు ఇంజన్లు ఉంచినచో రెండూ కదలును, రెండూ ఆగును. ఒకదానిని నిలిపి మరొకదానిని నడపవలెనంటే పట్టాలను తుండ్లుగా విడగొట్టి, ఒక్కొక్క తుండుకు ఒక్కొక్క మీట అమర్చవలెను. నిజమైన రైల్వేలో ఇంజన్లను కలుపుట కష్టము. బొమ్మ రైల్వేలో వాటిని వేరుచేయుట కష్టము. వ్యాధి వేరైనను ఔషధం ఒక్కటే అయినది. ఇక్కడ కూడ శక్తి నుండి ఆజ్ఞను విడదీయవలసి వచ్చినది.

1960లలో అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ ఒక్కొక్క ఇంజనుకు ఒక్కొక్క పౌనఃపున్యాన్ని కేటాయించి, వేర్వేరు ఇంజన్లను ఒకే పట్టాలపై నడిపే ఏర్పాటు చేసినది. రేడియోలో ముల్లు త్రిప్పి కోరిన స్టేషనును పట్టుకొన్నట్లే, ఆ ఇంజను తన పౌనఃపున్యాన్ని మాత్రమే పట్టుకొనును. అయితే ఆ విధంగా కేటాయించదగిన స్థానాలు కొద్దియే. 1980ల చివర జర్మనీలో లెంజ్ సంస్థ వేరొక త్రోవ త్రొక్కినది. అమెరికాలోని జాతీయ నమూనా రైల్వే సంఘం 1990లలో దానిని ఆధారంగా గ్రహించి, ఎవరు చేసిన ఇంజనైనను ఎవరి యంత్రంతోనైనను నడుచునట్లు డిజిటల్ కమాండ్ కంట్రోల్ అను ప్రమాణాన్ని ఏర్పరచినది.

ఈ పద్ధతి తపాలా పద్ధతివంటిది. పట్టాలలో శక్తి ఎల్లప్పుడును ఉండును. దాని దిశ మాత్రం క్షణక్షణం మారుచుండును. సెకనును పది లక్షల భాగాలు చేసినచో, 58 భాగాల కొకసారి దిశ మారిన అది ‘ఒకటి’. నూరు లేక అంతకు మించిన భాగాల కొకసారి మారిన అది ‘సున్న’. ఈ రెండు అక్షరాలతోనే ఉత్తరం తయారగును. అందులో ముందు చిరునామా, తరువాత ఆజ్ఞ, చివర ఆ రెంటిని సరిచూచే అంకె ఉండును. ఆ ఉత్తరం పట్టాలపై ఉన్న ఇంజన్లన్నిటికి చేరును. కాని చిరునామాదారు మాత్రమే దానిని పాటించును. చివరి అంకె సరిపడకున్నచో ఆ ఉత్తరాన్ని త్రోసిపుచ్చును. అదే ఆజ్ఞ మరల మరల పంపబడుచుండును గనుక, ఒకటి తప్పిపోయినను మరొకటి వచ్చును.

రెండు మూడు ఇంజన్లను ఒక రైలుకు కట్టవలెనన్నచో ప్రతిదానికి తన స్వంత చిరునామాతోపాటు ఒక ఉమ్మడి చిరునామా ఇత్తురు. ఆ పేరుతో పిలిచినచో అన్నియు పలుకును. వెనుకకు తిరిగి ఉన్న ఇంజనుకు దాని దిశను గూడ ముందే తెలిపి ఉంచవచ్చును. అయినను పేరు కలిసినంత మాత్రాన నడక కలియదు. ఒకే ఆజ్ఞకు ఒక ఇంజను కొంచెం వడిగా, మరొకటి మెల్లగా నడుచును. ఒకటి లాగి మరొకటి బిగబట్టినచో మలుపు దగ్గర తేలికైన పెట్టెలు లోపలి ప్రక్కకు ఒరిగి పడును. అందుచేత ముందుగా రెండింటిని విడివిడిగా నడిపి, వేగాలు సరిచేసి, పిమ్మట జత కట్టవలెను. జోడెడ్లను ఎంచే రైతు చేసే పనియు ఇదియే.

ఇది పిల్లల ఆటయని తీసివేయరాదు. 2021 అక్టోబరు 7న దక్షిణ మధ్య రైల్వే మూడు గూడ్సు రైళ్ళను ఒక్కటిగా కలిపి, 177 వ్యాగన్ల ‘త్రిశూల్’ను కొండపల్లి నుండి ఖుర్దా వైపు నడిపినది. మరునాడే గుంతకల్లు డివిజనులోని రాయచూరు నుండి మణుగూరుకు ‘గరుడ’ బయలుదేరినది. రెండును బొగ్గు తెచ్చుటకు వెళ్ళిన ఖాళీ వ్యాగన్ల రైళ్ళే. ఇంతటి పొడవైన రైళ్ళలో ముందరి ఇంజనుకు, నడుమనున్న ఇంజనుకు మధ్య కేబుల్ సాగదు. అందుకై ముందరి డ్రైవరు ఆజ్ఞను రేడియో ద్వారా దూరపు ఇంజన్లకు అందించే పద్ధతిని రైల్వేలు వాడుకలోనికి తెచ్చినవి. కొండల మాటున రేడియో మూగబోయినచో ఏమగును? బ్రేకు గొట్టంలోని గాలి ఆ సమయంలో రెండవ దూత. ముందరివాడు బ్రేకు వేయగా గొట్టంలో ఒత్తిడి తగ్గును. దానిని దూరపు ఇంజను గుర్తించును. ఆజ్ఞకు ఒకే దారిని నమ్ముకొనరాదని అనుభవం నేర్పిన పాఠమిది.

కూతతో మొదలైన సంభాషణ తీగలోనికి, తీగనుండి అంకెలలోనికి, రేడియోలోనికి మారినది. వెనుకటి ఇంజనులోని మనిషి దిగిపోయినాడు. ఆయన కన్ను, ఆయన చెవి, ఆయన జాగ్రత్త కూడ దిగిపోయినవి. ఆ భారమంతయు ముందర కూర్చున్న ఒక్కని పైకి వచ్చినది. కొండాపురంలో నిలబడి సాగిపోవు గూడ్సు రైలును చూచునప్పుడు లెక్కించవలసినది ఎన్ని ఇంజన్లు ఉన్నవని మాత్రమే కాదు. వాటి నన్నిటిని కలిపిన ఆ ఒక్క చేతిని కూడ ఒకసారి తలచుకొనవలెను.