డర్స్‌లీ నిదానపు ఇంజను

ఇంగ్లండులోని గ్లాస్టర్‌షైర్ కౌంటీలో, కాట్స్‌వల్డ్ కొండల అంచున ఉన్న డర్స్‌లీ, ఉన్ని నేతతో పేరు గడించి, ఆ నేత క్షీణించాక యంత్రాల తయారీతో నిలదొక్కుకొన్న చిన్న పట్టణం. ఉన్నిని దువ్వే ముళ్ళ పట్టీలు తయారుచేసే తండ్రితో విభేదించి రాబర్ట్ యాష్టన్ లిస్టర్ 1867లో అక్కడే విడిగా నెలకొల్పిన కార్ఖానాయే ఆర్.ఎ. లిస్టర్ కంపెనీ.

తొలి దశాబ్దాల్లో ఈ సంస్థను పోషించినవి ఇంజన్లు కావు, సేద్యపు పనిముట్లు. వాటిలోనూ ముఖ్యమైనది, డెన్మార్కు వాడైన మికాయెల్ పెడర్సన్ రూపొందించగా లిస్టర్ ‘అలెగ్జాండ్రా’ పేరుతో అమ్మిన, పాల నుంచి మీగడను వేరుచేసే యంత్రం. డర్స్‌లీలోనే స్థిరపడిన ఆ పెడర్సన్, ఉయ్యాల వంటి జీను గల విచిత్రమైన సైకిలు వల్ల నేటికీ సైకిలు ప్రియులకు గుర్తున్నాడు. మీగడ యంత్రాలను, గొర్రెల ఉన్ని కత్తిరించే పరికరాలను తిప్పడానికి చేతిబలం చాలని రైతు ఇంట ఇంజను అవసరం సహజంగానే ఏర్పడింది. 1909లో లిస్టర్ పెట్రోలు ఇంజన్ల తయారీకి దిగింది.

సంస్థకు శాశ్వత కీర్తి తెచ్చినది మాత్రం 1930 ప్రాంతంలో వెలువడిన ‘సీఎస్’ డీజిల్ ఇంజను. ఆ రెండక్షరాలకు ‘కోల్డ్ స్టార్ట్’, అంటే చల్లగా ఉన్నప్పుడే కదిలేది అని అర్థం. అంతకుముందు వాడుకలో ఉన్న చాలా ఆయిల్ ఇంజన్లలో సిలిండరు తలపై ఉండే లోహపు బుడిపెను దీపపు మంటతో ఎర్రగా కాచిన తరువాతే ఇంధనం అంటుకొనేది. సీఎస్‌లో ఆ కాపుదల అక్కర్లేదు: దహన గది పక్కనున్న చిన్న గదిని ఒక మరచక్రంతో మూసివేస్తే, గాలి మరింత ఇరుకైన చోట అదిమివేయబడి, డీజిల్ అంటుకోవడానికి చాలినంత వేడెక్కేది, ఇంజను వేడిని పుంజుకొన్నాక ఆ చక్రాన్ని తిరిగి విప్పితే ఒత్తిడి తగ్గేది. హ్యాండిల్ తిప్పేవాడి శ్రమ తగ్గించడానికి మొదట వాల్వును ఎత్తిపట్టి, బరువైన చక్రాలు వేగం అందుకొన్నాక వదిలేవారు.

నిమిషానికి 650 చుట్లే తిరిగే, 6 హార్స్‌పవర్ ఇచ్చే ‘6/1’ రకాన్ని శక్తి దృష్ట్యా చూస్తే గొప్పగా అనిపించదు. కాని దాని గొప్పతనమంతా ఆ నిదానంలోనే ఉంది. వేగం తక్కువ గనుక అరుగుదల తక్కువ, భాగాలు పెద్దవి, కొద్ది గనుక మామూలు పల్లె మెకానిక్కు విప్పి బిగించగలిగేవాడు.

1965లో హాకర్ సిడ్లీ అధీనంలోకి వెళ్ళిన లిస్టర్, 1986లో పాత పోటీదారు పెట్టర్‌తో కలిసి లిస్టర్ పెట్టర్‌గా మారింది. సీఎస్ తయారీ డర్స్‌లీలో 1987తో ముగిసింది. ఇంజను మాత్రం ఆగలేదు. గుజరాత్‌లోని రాజ్‌కోట్ కార్ఖానాలు అదే నమూనాను పోతపోసి, భారతదేశంలోని బావులకూ పిండిమరలకూ అందించాయి. తెలుగు నాట ఎడ్ల మోటకు బదులుగా బావి గట్టున నిలిచిన ఆయిల్ ఇంజన్లలో ఈ తరహావీ ఉన్నాయి. రాజ్‌కోట్ ప్రతులను విదేశాల్లోని ఔత్సాహికులు కొని, ‘లిస్టరాయిడ్’ అని పిలుస్తున్నారు.