బిలాసా బొమ్మను ఎలా చూడాలి

ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్‌కు ఆ పేరు బిలాసా అనే స్త్రీ వల్ల వచ్చిందని ఊరంతా ఒప్పుకుంటుంది. ఆమె ఎలాంటి మనిషి అన్న దగ్గరే కథలు విడిపోతాయి. 1870 నాటి సెంట్రల్ ప్రావిన్సెస్ గెజిటీర్‌లో ఆమె జాలరి స్త్రీ. ఆమె వెలయించిన ఊరు చాలాకాలం గుప్పెడు గుడిసెలే. మరో కథలో మానం కాపాడుకోవడానికి మంటల్లో దూకిన ఇల్లాలు. ఇప్పుడు ఎక్కువగా వినిపించే కథలో రతన్‌పూర్ రాజు కళ్యాణ్ సాయిని వేటలో కాపాడి, జహంగీర్ కొలువులో కత్తి తిప్పిన వీరనారి. వీటిలో ఒకదాన్ని ఉంచుకుని మిగతావి పారెయ్యడం తొందరపాటు. మనిషిని ముక్కలుగా విడగొట్టి చూపే క్యూబిస్టు చిత్రంలోని స్త్రీని చూసినట్టు ఈమెను చూడాలి.

1910లో పికాసో ఫానీ టెలియర్ అనే మోడల్‌ను ఎదురుగా కూర్చోబెట్టి, మాండలిన్ పట్టుకున్న యువతిని చిత్రించాడు. అందులో తల పక్కకు తిరిగిన దిమ్మె, మోచేయి ఒక కోణం, భుజం వెనక గోడలో సగం కలిసిపోయింది. అయినా మాండలిన్ గుండ్రని నోరు చెదరలేదు. కన్ను అక్కడ ఆగితే మిగతా ముక్కలు మనిషిగా కూడుకుంటాయి. బిలాసా కథల్లో అలా చెదరనివి రెండు: అర్పా నది ఒడ్డు, ఆమె కేవట్ కులం. కేవట్‌లు మన బెస్తల్లాగే పడవనూ వలనూ నమ్ముకున్నవాళ్లు. గెజిటీర్ రాసిన అధికారికి ఊరి పుట్టుక కావాలి, మంటల కథ చెప్పినవాళ్లకు పరువు కావాలి, నేటివాళ్లకు శౌర్యం కావాలి. ఎవరి అవసరం ఏదైనా కులాన్ని మాత్రం ఎవరూ మార్చలేకపోయారు. పక్కనే రతన్‌పూర్‌లో రాజులుండగా, పనిగట్టుకుని ఒక బెస్త స్త్రీని కల్పించి ఊరికి ఆమె పేరు పెట్టాల్సిన అగత్యం పెద్దలకు లేదు. ఆమె జాలరి స్త్రీ అనడానికి నా దృష్టిలో ఇదే గట్టి సాక్ష్యం.

చిత్రకారుడు తెలిసి విడగొట్టాడు, కథలు కాలం గడిచి విడిపోయాయి, ఈ పోలిక చెల్లదనవచ్చు. తేడా నిజమే. అందుకే ప్రతి ముక్కనూ విడిగా పరీక్షించాలి. జహంగీర్ ఆత్మకథలో రతన్‌పూర్ కళ్యాణ్ ఉన్నాడు, బిలాసా లేదు. కాబట్టి కొలువు ఘట్టాన్ని చరిత్ర అనలేను. పాతది కనుక గెజిటీరే ప్రమాణం అందామా అంటే, అదీ తన లెక్క ప్రకారమే దాదాపు మూడు వందల ఏళ్ల నాటి ముచ్చటను విని రాసుకున్నది. ఊరిని నిలబెట్టింది రైలే కదా, బిలాసాతో పనేముంది అనేవాళ్లూ ఉన్నారు. 1891లో నాగపూర్–ఆసన్‌సోల్ మార్గం పూర్తయ్యాక ఊరు పెరిగిన మాట వాస్తవం. తర్వాత విజయనగరం వైపు లైను కూడా బెంగాల్ నాగపూర్ రైల్వే చేతికి రావడంతో ఆ కంపెనీ కొలువుల్లో మన ఉత్తరాంధ్ర కుటుంబాలు ఇక్కడికి చేరాయి. రైలు ఊరిని పెంచింది, పేరు మాత్రం అంతకు ముందే ఉంది. 2021లో విమానాలు మొదలైన ఇక్కడి విమానాశ్రయం పేరు బిలాసా దేవి కేవట్. రైల్వే కాలనీల్లోని తెలుగువాళ్లు పిల్లలకు ఆమె గురించి చెప్పేటప్పుడు వీరగాథతో సరిపెట్టకండి, ఆమె జాలరి స్త్రీ అని కూడా చెప్పండి.