ఫసలీ తేదీలు - కౌలుదారు హక్కు

పాతబస్తీలో పాత కాగితాలు విప్పి చూసినవారికి మూడు రకాల తేదీలు ఎదురుకావడం కొత్త కాదు. నిజాం ఫర్మానా హిజ్రీలో వుంటుంది, రెవెన్యూ కాగితం ఫసలీలో వుంటుంది, రెసిడెన్సీతో నడిచిన ఉత్తరం ఇంగ్లీషు తేదీతో వుంటుంది. హిజ్రీ సంవత్సరం సౌరమానం కంటే సుమారు 11 రోజులు తక్కువ. దాన్ని నమ్ముకుని శిస్తు వసూలు చేస్తే కొన్నాళ్లకు గింజ పట్టకముందే సర్కారు మనిషి గుమ్మంలో నిలబడతాడు. అందుకే అక్బరు కాలంలో పంటను అనుసరించే ఫసలీ వచ్చింది. ఇది రైతు మీద జాలి అనుకోనక్కరలేదు. పండని చేనునుంచి శిస్తు రాలదు.

ఈ ఫసలీ అన్నిచోట్లా ఒకటి కాదు. సర్కారు జిల్లాల్లో అది జులై 1న మొదలవుతుంది. నిజాం రాజ్యంలో అక్టోబరు 6న, ఆజుర్ నెలతో మొదలయ్యేది. అంకె ఒకటే, సంవత్సరం వేరు.

1950 హైదరాబాదు కౌలుదారీ చట్టం రక్షిత కౌలుదారుకు ఎడతెగని ఆరేళ్ల సాగు వుండాలన్నది. అది చూపిన మూడు దారుల్లో ఒకదాని ప్రకారం ఆ ఆరేళ్లు 1353 ఫసలీ మొదటి రోజుకు, అంటే 1943 అక్టోబరు 6కు, ముందు మొదలు కాకూడదు. చట్టం అమలుకు వచ్చిన 1950 జూన్ 10 లోపల పూర్తి కావాలి.

కొన్నేళ్ల కిందట పురానీ హవేలీ దగ్గర ఒక మేడగదిలో, ఒక కార్యాలయం తరఫున ఇలాంటి కాగితాలను కంప్యూటరులోకి ఎక్కించే పనిలో నేనూ వున్నాను. ఉర్దూ వచ్చిన పెద్దాయన చదివేవారు, నేను టైపు చేసేవాణ్ణి. ప్రోగ్రాం ఫసలీకి 591 కలిపి ఇంగ్లీషు సంవత్సరం ఇచ్చేది. తీర్ 1353కు 1944 మే సరిగ్గానే వచ్చింది. కాని దై నెల నవంబరులో మొదలవుతుంది. దానికి కలపవలసింది 590. దై 1353న నాగలి కట్టినవాడి ఆరేళ్లు 1949లోనే నిండాయి. మా యంత్రం లెక్కలో 1950 నవంబరుకుగాని నిండలేదు. అంటే, హక్కు పోయింది!

ఇంకొకటి బయటపడటానికి చాలా రోజులు పట్టింది. 1943 అక్టోబరు 6 అని టైపు చేస్తే తెరమీద 5 అని కనబడేది. ప్రోగ్రాం ఆ తేదీని అర్ధరాత్రి గంటగా భావించి, గ్రీనిచ్ కాలానికి మార్చి డేటాబేస్‌లో దాచేది. యుద్ధం పేర 1942 సెప్టెంబరు నుంచి 1945 అక్టోబరు వరకు దేశంలో గడియారాలను ఒక గంట ముందుకు జరిపారు. దాచే భాగానికి ఈ చరిత్ర తెలుసు, ఆరున్నర గంటలు తీసేది. చూపే భాగానికి తెలియదు, అయిదున్నరే కలిపేది. అర్ధరాత్రి కాస్తా ముందురోజు రాత్రి 11 అయింది. ఆ ముందురోజు 1352 ఫసలీది!

సాగు మొదలుపెట్టిన రోజుకు గంట ఎందుకు? ఆ గడిలో తేదీ మాత్రమే వుంచమన్నాం. కాగితంలోని ఫసలీ మాటను వున్నదున్నట్టు పక్క గడిలో రాయించాం. సంవత్సరం ఒక్కటే వున్నచోట ప్రోగ్రాం తనంతట తాను జులై 1 వేసుకునేది (రాసినవారిది ఏ జిల్లానో!), అక్కడ మొదటి రోజు, చివరి రోజు రెండూ పెట్టించాం. అప్పటికే ఎక్కించిన కట్టలన్నీ విప్పి, పెద్దాయన మళ్లీ ఆజుర్ నుంచి చదవడం మొదలుపెట్టారు.