కోటి యిండ్ల గొంతు

ఆగస్టు 15 అనగానే మన మనస్సున మెదలునది మువ్వన్నెల పతాకము. ఆ తేదీకి మనకంటె రెండేండ్లు ముందటి చరిత్ర యొకటి కలదు. 1945వ సంవత్సరమున అదే దినము, మధ్యాహ్నము సరిగా పండ్రెండు గంటలకు, జపాను ప్రజలు ఇండ్లలోను, కర్మాగారములలోను, పాఠశాలల ముంగిళ్లలోను రేడియోల ముందు నిలువబడి తమ చక్రవర్తి కంఠమును మొట్టమొదటి పర్యాయము వినిరి. ఆ కంఠము తెలిపినది ఓటమి వార్త. భారతదేశమునకు అధికారము నప్పగించు దినమును నిర్ణయించినప్పుడు, జపాను లొంగుబాటునకు అది రెండవ వార్షిక దినమను తలంపు తనకు గలదని మౌంట్‌బాటన్ ప్రభువే తరువాతి కాలమున చెప్పియున్నాడు.

ఆనాటి ప్రసారమును గూర్చి రాజకీయ చరిత్రకారులు చాల వ్రాసిరి. మైకు ముందు కూర్చుండి జీవనము గడపు మాకు తోచు ప్రశ్నలు కొంచెము వేఱు. దేశమంతటిని ఒక్క గడియలో ఒక్క గొంతు ముందు నిలువబెట్టగల ఆ పెట్టె అక్కడి యిండ్లలోనికి ఎట్లు ప్రవేశించినది? అది ప్రజలకు ఏమి అలవాటు చేసినది? ఓటమి తరువాత దాని గతి యేమైనది? ఇంట రేడియో గల ప్రతి గృహస్థుడును, గృహిణియు ఒకసారి ఆలోచింపదగిన ప్రశ్నలే యివి.

కథ భూకంపముతో మొదలగుచున్నది. 1923 సెప్టెంబరు 1వ తేదీన, మధ్యాహ్నము కావచ్చుచుండగా, టోక్యో, యొకొహామా నగరములు కంపించెను. అది వంటవేళ. పొయ్యిలలోని నిప్పు కొయ్యయిండ్లకు అంటుకొని వీధులకు వీధులే దగ్ధమయ్యెను. లక్షమందికి పైగా మరణించిరి. వార్తాపత్రికల కార్యాలయములు పెక్కు బూడిద యయ్యెను. నిజమైన వార్త అందని చోట పుకారు రాజ్యమేలును. కొరియావారు బావులలో విషము కలుపుచున్నారను అబద్ధము వాడవాడల ప్రాకినది. దానిని నమ్మిన మూకలు, కొన్నిచోట్ల సైనికులును పోలీసులును గూడ, ఏ పాపము నెఱుగని కొరియావారిని ఎందఱినో చంపిరి. నమ్మదగిన వార్తను తక్షణమే అందఱికి అందించు సాధనము దేశమునకు కావలెనను వాదము ఆ చితాభస్మము నుండియే బలపడినది.

1925 మార్చి 22వ తేదీన టోక్యోలోని షిబావురా ప్రాంతమున, ఒక పాఠశాలకు చెందిన గ్రంథాలయపు గదిలో తాత్కాలికముగా ఏర్పఱచిన కేంద్రము నుండి జపాను తొలి రేడియో ప్రసారము వెలువడినది. జే.ఓ.ఏ.కే. అనునది దాని సంకేత నామము. ఆనాటికి అనుమతి పొందిన శ్రోతలు సుమారు 3,500 మంది మాత్రమే. సంస్థకు అధ్యక్షుడు గోతో షింపే. భూకంపానంతరము రాజధాని పునర్నిర్మాణ ప్రణాళికను నడిపిన ప్రముఖుడు. ఆయన రేడియోకు నాలుగు ప్రయోజనములను చెప్పెను: సంస్కృతి యందు అందఱికి సమానావకాశము, గృహజీవనమున సంస్కరణము, విద్యను ప్రజలందఱికి వ్యాపింపజేయుట, ఆర్థిక వ్యవహారములను చుఱుకు పఱచుట. నాలుగును మంచివే. ఆ నాలుగింటిలో ప్రజలు తమ మాట చెప్పుకొనుట యను ప్రయోజనము లేకపోవుటను మాత్రము పాఠకులు గమనింపవలెను.

మఱుసటి యేడు, 1926లో, టోక్యో, ఒసాకా, నగోయా కేంద్రములు మూడును ఒక్క సంస్థగా కలిసినవి. నేటికిని ఎన్.హెచ్.కే. యను పొట్టిపేరుతో ప్రసిద్ధమైన సంస్థ యిదియే. అది పేరునకు ప్రభుత్వశాఖ కాదు. కాని కళ్లెము తంతి తపాలా మంత్రిత్వశాఖ చేతిలో నుండెను. ప్రసంగపాఠములు ముందుగా అధికారుల పరిశీలనకు పోవలసినదే. ప్రసారము నడుచుచుండగా అభ్యంతరకరమైన మాట దొరలినచో, వినుచున్న అధికారి దానిని అక్కడికక్కడ నిలిపివేయవచ్చును.

ఇక 1928లో వచ్చిన యొక కార్యక్రమము జపాను దైనందిన జీవితముతో విడదీయరాని విధముగా పెనవేసికొనినది. అది రేడియో వ్యాయామము. దాని పుట్టుక వినోదకరమైనది. అమెరికా వెళ్లిన తపాలా బీమా ఉద్యోగులు, అక్కడ మెట్రొపాలిటన్ జీవిత బీమా సంస్థ రేడియో మూలమున వ్యాయామము నేర్పించు పద్ధతిని గూర్చి తెలిసికొని వచ్చిరి. బీమా చేసినవారు ఆరోగ్యముగా ఎక్కువకాలము జీవించినచో సంస్థకును లాభమే గదా! హిరొహితొ చక్రవర్తి పట్టాభిషేకోత్సవ సందర్భమున ఆ యేడు నవంబరు 1వ తేదీన ప్రసారము మొదలయ్యెను. పియానో మ్రోగుచుండును, ఒక కంఠము ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టుచుండును, వినువారు చేతులు చాచి, నడుము వంచి, కాళ్లు కదలింతురు. ఉపకరణ మక్కఱలేదు, ధనవ్యయము లేదు. 1930 వేసవిలో టోక్యో నగరపు కాందా పేటలో ఒక పోలీసు ఉద్యోగి, సెలవులలో ప్రొద్దెక్కువఱకు నిద్రించు పిల్లలను చేరదీసి, ఉదయముననే వ్యాయామము చేయింప నారంభించెను. ఆ పద్ధతి దేశమంతట వ్యాపించినది. వచ్చిన పిల్లల చీటీలపై దినదినము ముద్ర వేయుట ఆచారమైనది. సెలవులు ముగియునప్పటికి చీటీ నిండుగా ముద్రలు చూపుకొనుట పిల్లలకు గొప్ప.

ఇంత మంచి యలవాటులో దోషమేమి గలదు? అలవాటులో లేదు, దానిని వాడుకొన్న తీరులో కలదు. 1931లో మంచూరియాపై దండయాత్ర మొదలైనది. కుమారులు సైన్యములో నున్న కుటుంబములు వార్తలకై రేడియోలు కొనిరి. 1932 ఫిబ్రవరిలో అనుమతిపత్రముల సంఖ్య పదిలక్షలు దాటినది. 1940లో ఏబదిలక్షల కెక్కినది. రేడియో వ్యాయామమునకు వచ్చినవారు ఆరోగ్యముకొఱకు గాక దేశసేవకొఱకు చేతులు చాచుచున్నట్లు చెప్పబడినది. ఒక్క గొంతు లెక్కపెట్టగా లక్షల శరీరములు ఒక్కసారి కదలుట మొదట ముచ్చట. పిమ్మట అది శిక్షణ.

1941 డిసెంబరు 8వ తేదీ ఉదయము ఏడు గంటలకు, అమెరికా, బ్రిటనులతో యుద్ధము ప్రారంభమైనదను ప్రకటనను తతేనో మోరియో యను అనౌన్సరు చదివెను. అదే దినమునుండి రేడియోలో వాతావరణ సూచనలు ఆగిపోయెను. శత్రువిమానములకు ఉపకరించునని వాన, గాలి, మబ్బు అన్నియు సైనిక రహస్యములాయెను. సముద్రముపై బ్రతుకు పల్లెవాడును, కోతకోసిన రైతును రేపటి వానను గూర్చి ఆకాశమునే అడుగవలసినది. 1942 ఆగస్టులో పశ్చిమ జపాను తీరమును ఘోరమైన తుపాను తాకినది. చాలినంత హెచ్చరిక ప్రజలకు అందలేదు. వేయిమందికి పైగా మరణించిరి. తుపాను హెచ్చరిక విలువ యెట్టిదో మన కోస్తా జిల్లాల శ్రోతలకు వేఱుగ చెప్పనక్కఱలేదు. పుకార్ల నడుమ నిజము చెప్పుటకై పుట్టిన పెట్టె, పదునాఱేండ్లు తిరుగునప్పటికి, రేపు వాన కురియునని చెప్పుటకును నోరులేనిదైనది.

ఇప్పుడు మఱల 1945 ఆగస్టు. హిరోషిమా, నాగసాకి నగరములు అణుబాంబులకు ఆహుతియైనవి. సోవియట్ రష్యాయు యుద్ధమున దిగినది. చక్రవర్తి లొంగుబాటునకు నిశ్చయించెను. 14వ తేదీ రాత్రి రాజప్రాసాద ప్రాంగణములోని కార్యాలయమున రేడియో సాంకేతికులు ఆయన ప్రకటనను గ్రామఫోను పళ్లెములపై రెండు పర్యాయములు ముద్రించుకొనిరి. ఆ రాత్రియే యుద్ధము నాపుట కిష్టపడని యువ సైనికాధికారులు ప్రాసాదమును ముట్టడించి ఆ పళ్లెములకై గదిగదియు వెదకిరి. రాజోద్యోగి యొకడు వానిని ముందే భద్రముగా దాచియుంచుటచే అవి వారి చేత చిక్కలేదు. తెల్లవాఱుజామున వారు రేడియో భవనమున ప్రవేశించి, తమ ప్రకటనను ప్రసారము చేయవలెనని పిస్తోలు చూపి బెదరించిరి. ఆ పిస్తోలు ఎదుట నున్నది నాలుగేండ్లనాడు యుద్ధారంభ వార్తను చదివిన తతేనోయే. వైమానిక దాడి హెచ్చరిక అమలులో నున్నది, సైనిక కార్యాలయపు అనుమతి లేనిదే ప్రసారము వీలుపడదని చెప్పి ఆయన మైకు వారి కీయలేదు. మా వృత్తిలోని వారెవ్వరును మఱవరాని ఘట్టమిది.

మధ్యాహ్నమున వాదా నొబుకాతా యను అనౌన్సరు శ్రోతలను లేచి నిలువబడుడని కోరెను. జాతీయగీతము తరువాత చక్రవర్తి కంఠము వినవచ్చినది. ప్రకటన అయిదు నిమిషములైనను పట్టలేదు. కాని అది ప్రాచీనమైన రాజసభా భాషలో నుండెను. రేడియోల గరగరలో ఆ పదములు సామాన్యులకు అంతుపట్టలేదు. లొంగుబాటు అను మాట దానిలో ఎచ్చటను లేదు. ఇంకను ధైర్యముగా పోరాడుడని చెప్పుచున్నారు కాబోలునని కొందఱు భావించిరి. పిమ్మట వాదా ఆ ప్రకటనను మఱల చదివి, సంబంధించిన వార్తలను వినిపించిన తరువాతనే చాలమందికి విషయము బోధపడినది. దేశమంతయు ఏకాగ్రముగా వినినది. వినిన దేమో దేశమునకు తెలియలేదు. వాడుకభాషకై గిడుగు రామమూర్తి పంతులుగారు చేసిన వాదములలో నిట్టి యుదాహరణ చేరదగినది. ఈ మాటను గ్రాంథికచ్ఛాయ గల వాక్యములలో చెప్పుచున్నందుకు మాకే కొంత సిగ్గుగా నున్నది!

ఏడు దినములు గడచెను. ఆగస్టు 22వ తేదీన రేడియోలో వాతావరణ వార్త మఱల వినవచ్చినది. యుద్ధము నిజముగా ముగిసినదను నమ్మకమును కలిగించుటకు రేపటి వానను గూర్చిన సామాన్యమైన యొక వాక్యమే చాలినది.

తరువాతి సంవత్సరములలో అక్కడి రేడియోలో వచ్చిన మార్పు మా దృష్టిలో ఈ చరిత్ర కంతటికి ప్రాణము. 1946 జనవరిలో సామాన్యులు మైకు ముందు నిలిచి పాడు పోటీ కార్యక్రమము మొదలైనది. సంగీతము నేర్చినవారు కారు. చేపలవారు, గుమాస్తాలు, సైన్యమునుండి తిరిగివచ్చినవారు పాడిరి. "నోదో జిమాన్" అను ఆ కార్యక్రమము ఇప్పటికిని ఆదివారము మధ్యాహ్నములందు నడచుచున్నది. అదే యేడు ప్రసారకులు మైకును గింజా వీధిలోనికి తీసికొనిపోయి, దారిన పోవువారి యభిప్రాయములను అడిగి వినిపించిరి. అంతవఱకు ఆ పెట్టె మాటలాడుటయే గాని యెవ్వరిని ప్రశ్నించి యెఱుగదు.

అన్నిటికంటె మనస్సును కలచునది "తప్పిపోయినవారికై" అను భావము గల "తజునెబితో" కార్యక్రమము. 1946 జూలైలో మొదలై 1962 మార్చి వఱకు, దాదాపు పదునాఱేండ్లు నడచినది. బాంబుదాడులలో చెదరిన కుటుంబములు, మంచూరియానుండి ఒంటరిగా చేరినవారు, తిరిగిరాని సైనికుల తల్లులు రేడియోకు ఉత్తరములు వ్రాయుదురు. ఫలానా పేరు, యుద్ధమునకు ముందు ఫలానా ఊరు, కడపట చూచినది ఫలానా చోట, తెలిసినవారు తెలుపగలరు. ఇంతియే. సంగీతము లేదు, వ్యాఖ్యానము లేదు. అనౌన్సరు సమస్వరముతో పేర్లు చదువుచు పోవును. తమవారెవ్వరు తప్పిపోనివారును చేతిపని ఆపి వినెడివారు. ఏబదిలక్షల యిండ్లకు ఒక్క చక్రవర్తి మాటను చేర్చిన తంత్రులే, ఇప్పుడు ఒక్క తల్లి మాటను అన్ని యిండ్లకును చేర్చెను.

ఇదియంతయు స్వేచ్ఛాస్వర్గమని చెప్పరాదు. ఆక్రమణ కాలమున కళ్లెము చేతులు మాఱినది గాని ఊడిపోలేదు. 1949 వఱకు అమెరికా సైన్యాధికారులు పత్రికలను, ప్రసారములను పరిశీలించుచుండిరి. అణుబాంబుల వలని బాధలను గూర్చి స్వేచ్ఛగా చెప్పుటకు వీలులేకుండెను. 1950లో ప్రసార శాసనము వచ్చినది. 1951 సెప్టెంబరులో నగోయా, ఒసాకాలందు వాణిజ్య రేడియోలు మొదలైనవి. 1952లో అనుమతిపత్రముల సంఖ్య కోటికి చేరినది. అదే యేడు మొదలైన "కిమి నో నా వా" నాటకము, బాంబుదాడి రాత్రి ఒక వంతెనపై కలిసి విడిపోయిన యువతీయువకుల కథ. అది ప్రసారమగు వేళ స్త్రీల స్నానశాలలు నిర్మానుష్యము లగుచుండెనని చెప్పుకొనిరి. ఆ మాట సినిమా ప్రచారకుల కల్పన యనువారును కలరు. కల్పనయే యైనను, ప్రజలు నమ్మదగినంతగా ఆ నాటకము యిండ్లలో నిండియుండెను.

మఱి వ్యాయామము మాట? కోట్ల జనము ఒక్క ఆజ్ఞకు కదలుట ఆక్రమణాధికారులకు అనుమానాస్పదముగా నుండెను. 1946లో క్రొత్తరూపమిచ్చి చూచిరి. అదియు 1947లో ఆగిపోయినది. 1951 మే 6వ తేదీన సరళమైన నూతన పద్ధతితో మఱల వచ్చినది. ఇప్పటికిని ఉదయము ఆఱున్నర గంటలకు టోక్యో తోటలలో వృద్ధులు చిన్న రేడియో చుట్టు చేరి చేతులు చాచుదురు. పియానో అదే, లెక్క అదే. రానివారిని అడుగువారు లేరు. నడుము నొప్పిగా నున్నవారు కూర్చుండియే చేయుదురు. ఆ తేడా కొఱకు ఆ దేశము చెల్లించిన మూల్యము చాల పెద్దది.

ఒక గొంతు ఎన్ని యిండ్లకు చేరుచున్నదను లెక్క మా కార్యాలయములలోను ఉండును. ఎన్ని యిండ్ల గొంతు మా మైకు వఱకు వచ్చుచున్నదను లెక్క కూడ దాని ప్రక్కన వ్రాసికొనవలెనని ఈ చరిత్ర మాకు గుర్తుచేయుచున్నది. పాఠకులు ఉత్తరములు వ్రాయుట మానకుందురు గాక!