మంచు పానకముల పూర్వకథ



గత వేసవిలో ఒకనాటి మధ్యాహ్నము వంటయింటినుండి పెద్దచప్పుడు వినవచ్చి నిద్రమేల్కొంటిని. మా దౌహిత్రి గడ్డకట్టిన మామిడిరసపు ముక్కలను మిక్సీలో వేసి త్రిప్పుచుండెను. నిమిషము గడవకముందే ఆ రాళ్ళవంటి ముక్కలు బియ్యపునూకవలె చితికి, గరిటెకు జారెడి చల్లని పానకమయ్యెను. దానిని పిల్లలు ‘స్లష్’ అందురట. నేను ‘మంచునూక పానక’మని పేరుపెట్టితిని. వారు నవ్విరి గాని కాదనలేదు. నాచేతికొక గ్లాసు ఇచ్చి ఆ పిల్ల, “తాతయ్యా! మీ చిన్నప్పుడు ఇది లేదు కదా. పూర్వం రాజులకైనా ఉండేదా?” అని అడిగినది. బడిపంతులు ఉద్యోగము విడిచి ఏండ్లు గడచినను, ప్రశ్న వినబడినచో ఊరకుండలేని అలవాటు నన్ను విడువలేదు. ఆనాడు ఆమెకు చెప్పిన సమాధానమునే కొంత పెంచి నేడు మీకు మనవిచేయుచున్నాను.

పానకము మనకు క్రొత్తది కాదు. బెల్లము, మిరియము, ఏలకి కలిపిన శ్రీరామనవమి పానకమును ఎఱుగని తెలుగువాడుండడు. తీపికిని పండ్లకును ఈ దేశమున ఎన్నడును కొదువలేదు. దుర్లభమైనది చలువ యొక్కటియే. కూజానీరు చల్లనిదే యైనను అది మంచు కాదు. కావున ఈ కథ పండ్లకథ కాదు, చలువకథ.

నేను చదివినంతలో దీనికి మిక్కిలి పాతదియు, చక్కనిదియునైన సాక్ష్యము బాణభట్టుని హర్షచరితములో నున్నది. అది క్రీస్తుశకము 7వ శతాబ్దపు గ్రంథము. అయిదవ ఉచ్ఛ్వాసమున ప్రభాకరవర్ధన మహారాజు జ్వరపీడితుడై పడియుండగా, ఆయన దాహము తీర్చుటకై మంచుతో చుట్టిన పాత్రలలో మజ్జిగను చల్లబఱచుచుండిరని కవి వర్ణించినాడు. అచ్చట బాణుడు వాడిన మాట ‘ఉదశ్విత్తు’. సగము నీరు కలిపిన మజ్జిగకు ఉదశ్విత్తనియు, పాతిక పాలు నీరు కలిపినదానికి తక్రమనియు అమరకోశము వేఱువేఱు పేర్లు చెప్పినది. రోగికి పలుచనిదే ఇచ్చిరన్నమాట. బాణుని సమాసములకు జడిసి పాఱిపోయిన విద్యార్థులను నేను పెక్కుమందిని చూచితిని. ఆ సమాసముల నడుమ ఇట్టి ఇంటి సంగతులు దాగియుండునని వారికి ఎవరును చెప్పకపోవుటయే దానికి కారణము. ఆ రాజు బ్రదుకలేదు. కాని మంచుతో చల్లబఱచిన పానీయము ఆనాడే మన దేశమున రాజగృహమున కలదని దీనివలన స్పష్టమగుచున్నది. హిమాలయము దగ్గఱగా ఉన్నవారికి, అందును ధనము గలవారికి మాత్రమే అది దక్కెడిది.

1526లో ఢిల్లీ గెలిచిన బాబరు తన స్వీయచరిత్రలో ఈ దేశమున మంచును లేదు, చల్లనినీరును లేదు, మంచి ద్రాక్షయు కర్బూజయు లేవని వాపోయెను. ఆయన మనుమడైన అక్బరు ఆ కొఱత తీర్చుకొనిన విధము అబుల్ ఫజలు రచించిన ఐనీ అక్బరీలో వివరముగా నున్నది. మొదటి ఉపాయము సురేకారము. తుపాకిమందులో వేడిమి పుట్టించెడి ఆ ద్రవ్యమే నీటిలో కరగునప్పుడు వేడిమిని హరించును. ఒక సేరు నీటిని వెండి సీసాలోనో తగరపు సీసాలోనో పోసి మూతి బిగించెడివారు. రెండున్నర సేర్ల సురేకారమును అయిదు సేర్ల నీటితో ఒక పాత్రలో కలిపి, అందులో ఆ సీసాను పావుగంటసేపు కదపెడివారు. లోపలినీరు చల్లనయ్యెడిది. సురేకారమును పిమ్మట కాచి తిరిగి రాబట్టవచ్చును.

రెండవ ఉపాయము మంచునే తెప్పించుట. 1586లో కొలువు పంజాబునకు తరలిన పిమ్మట, లాహోరునకు సుమారు 45 క్రోసుల దూరమున నున్న ఉత్తరపు కొండలనుండి మంచు రాసాగెను. పడవలపైనను, బండ్లపైనను, మనుష్యుల భుజములపైనను దానిని తెచ్చెడివారు. ఈ పనికై పది పడవలుండెడివి. పడవకు నలుగురు సరంగులు. దినమున కొక పడవ రాజధాని చేరెడిది. సంపన్నులు ఏడాది పొడవునను, తక్కినవారు వేసవిలో మాత్రమును మంచు వాడెడివారని ఆ గ్రంథము చెప్పుచున్నది. ఆ పది పడవల సరంగులు నలుబదిమందియు ఎన్నడైన ఒక గ్రుక్క చల్లని షర్బతు త్రాగిరో లేదో ఆ గ్రంథమున లేదు. షర్బతు అను మాటయే అరబ్బీ భాషలో త్రాగుటకు సంబంధించిన ధాతువునుండి పుట్టినది.

కొండలు దూరమైన చోట మనవారు చేసిన పని ఇంతకంటె ఆశ్చర్యకరము. అలహాబాదులోను, కలకత్తా ప్రాంతమునను నీరు గడ్డకట్టెడి చలి సాధారణముగా లేదు. అయినను అచ్చట రాత్రికి రాత్రి మంచు పండించెడివారు. పండించుట అను మాట నేను తెలిసియే వాడుచున్నాను. సర్ రాబర్టు బార్కరు అను ఆంగ్లేయ సేనాని 1775లో లండను రాయల్ సొసైటీ పత్రికలో ఈ పద్ధతిని వర్ణించెను. బయలునేలలో రెండడుగుల లోతున, ముప్పది అడుగుల చదరమున గుంటలు త్రవ్వి, అడుగున చెఱకుపిప్పియో ఎండిన జొన్నదంట్ల వంటివో జానెడు మందమున పఱచెడివారు. దానిపై నీరు ఊరెడి పలుచని మట్టిమూకుళ్ళు వరుసగా పేర్చి, కాచి చల్లార్చిన నీటిని మునిమాపున వానిలో పోసెడివారు. గాలి లేక ఆకాశము నిర్మలమైన శీతకాలపు రాత్రులలో తెల్లవాఱునప్పటికి ఆ మూకుళ్ళలో మంచుపలకలు తేలెడివి. సూర్యుడు పొడువకముందే కూలివారు వానిని ఏఱి, గడ్డి కప్పిన లోతుగోతులలో దాచి, వేసవి వఱకు కాపాడెడివారు. గాలి గడ్డకట్టునంత చల్లనిది కానప్పుడు నీరెట్లు గడ్డకట్టినదని పండితులు చాల కాలము తర్కించిరి. నీటి వేడిమి నిర్మలాకాశములోనికి ప్రసరించి పోవుటయే దీనికి ముఖ్యకారణమని 1814లో డాక్టరు వెల్సు తన మంచుబిందువుల గ్రంథమున తేల్చెను. చెఱకుపిప్పి నేలవేడిమిని పైకి రానీయదు. ఆ కూలివారికి సిద్ధాంతము తెలియకపోయినను ఆచరణ తెలియును.

మా దౌహిత్రి పానకమునకు నిజమైన పూర్వికుని కూడ బార్కరు వ్రాతలోనే చూడవచ్చును. షర్బతులను, మీగడను మొనదేలిన పలుచని వెండిగిన్నెలలో పోసి, మూతులకు పిండి మెత్తి, మంచు, సురేకారము, ఉప్పు కలిపిన పెద్దపాత్రలో ఉంచగా అవి గడ్డకట్టెడివని ఆయన చెప్పెను. ఉప్పు తగిలిన మంచు నీరుగడ్డకట్టు హద్దుకంటె క్రిందికి చల్లబడును. నేటి సంతలలో కుల్ఫీ అమ్మువారు తగరపు గొట్టములను ఉప్పుమంచులో ముంచుటయు ఈ విద్యయే.

తరువాతి ఘట్టము సముద్రముమీదిది. అమెరికాలోని బోస్టను నగరపు వర్తకుడు ఫ్రెడరిక్ ట్యూడరు 1806లో చెఱువుమంచును మార్టినీకు ద్వీపమునకు ఓడలో పంపినప్పుడు లోకము పరిహసించెను. ఆయన పట్టు విడువలేదు. 1833 మే నెలలో ‘టస్కనీ’ అను ఓడ 180 టన్నుల మంచుతో బోస్టనునుండి బయలుదేఱి, రెండు మాఱులు భూమధ్యరేఖను దాటి, నాలుగు నెలలకు కలకత్తా చేరెను. అప్పటికిని ఇంచుమించు 100 టన్నుల మంచు మిగిలియుండెను. నాడు గవర్నరు జనరలైన బెంటింకు ఆ వర్తకుని ప్రతినిధికి బంగారుపూతగల వెండిపాత్ర బహూకరించెను. 1842 ప్రాంతమున మద్రాసు సముద్రపుటొడ్డున ఇదే వ్యాపారమునకై గుండ్రని భవన మొకటి వెలసెను. ‘ఐస్ హౌస్’ అని నేటికిని మద్రాసు తెలుగువారు పిలుచునది అదియే. 1897లో వివేకానందస్వామి అందు బసచేసినందున ఇప్పుడది వివేకానంద భవనమైనది. 1846-47 శీతకాలమున వాల్డెను చెఱువులో మంచుపలకలు కోయుట కన్నులార చూచిన థోరో అను రచయిత, భగవద్గీత చదువువాడగుటచే, తన చెఱువునీరు గంగతో కలియుచున్నదని మురిసెను.

నాలుగు నెలలు ఎండలో ప్రయాణముచేసినను ఆ మంచు ఏల నిలిచెను? రంపపుపొట్టు వలన. పలకల నడుమ సందులేకుండ పొట్టు కూరుటయే ట్యూడరు కనుగొనిన రహస్యము. ఈ మాట నేను మొదట చదివినప్పుడు పుస్తకము మూసి చాలసేపు కూర్చుంటిని. అది ఎందుకో చెప్పుట నాకు సులభము కాదు.

1970 వేసవిలో మా నాయనమ్మకు విషజ్వరము వచ్చెను. నాకప్పుడు పదియేండ్లు. తలపై మంచు వేయుమని వైద్యుడు చెప్పగా, మా నాయనగారు నన్ను అద్దెసైకిలుపై ఆఱుమైళ్ళ దూరమున నున్న పట్టణమునకు పంపిరి. రెండు వీశెల మంచుకు డబ్బిచ్చి, రంపపుపొట్టుకని వేఱుగా పదిపైసలిచ్చిరి. మంచుకార్ఖానా గుమ్మమున పుల్ల ఐసు అమ్ముచుండిరి. ఆ పదిపైసలతో నేను పుల్ల ఐసు కొనుక్కొంటిని. మంచును వట్టి గోనెసంచిలో చుట్టి వెనుక కట్టుకొంటిని. దారిపొడవునను నీటిచుక్కలు రాలుచునే యుండెను. ఇల్లు చేరి గోనె విప్పగా వెలగపండంత గడ్డ మిగిలినది. ఎండ మిక్కుటముగా నున్నదని నాయనగారే నన్ను సమర్థించిరి. నేను నోరు విప్పలేదు. ఆ గడ్డలో సగము గుడ్డలో చుట్టి నాయనమ్మ నుదుట ఉంచిరి. తక్కినది ఆమె పానకములో వేయించుకొనెను. జీవితమంతయు మడి తప్పని మనిషి, ఏ నీటితో ఎవరు చేసిరో తెలియని మంచును ఎట్లు ఒప్పుకొన్నదో నాకు తెలియదు. రెండు గ్రుక్కలు త్రాగి, “ఒరే నాన్నా, ఎంత హాయిగా ఉందిరా! ఎండన పడి తెచ్చావు” అన్నది. నాలుగవనాడు పోయినది. మంచువలన ఆ జ్వరము తగ్గెడిది కాదని వైద్యుడు పిమ్మట వేఱొకరితో చెప్పగా వింటిని. టస్కనీ ఓడ నాలుగు నెలలలో పోగొట్టుకొన్నది సగముకంటె తక్కువ. నేను ఆఱుమైళ్ళలో పోగొట్టినది అంతకంటె ఎంతో ఎక్కువ.

అక్కడినుండి కథ వడివడిగా నడచినది. 1870లు దాటకముందే మద్రాసులోను, కలకత్తాలోను ఆవిరియంత్రముతో మంచు చేయు కంపెనీలు వెలసి ఓడమంచు వర్తకమును అణచివేసెను. 1958లో గోద్రెజ్ కంపెనీ మన దేశమున మొదటి గృహశీతలయంత్రమును, అనగా ఫ్రిజ్జును, తయారుచేసెను. అది పల్లెటూరి ఇంటికి వచ్చుటకు ఇంకను చాల కాలము పట్టినది.

ఇక నలుగగొట్టు యంత్రము. అమెరికాలో స్టీఫెను పొప్లావ్‌స్కీ అను పోలండు దేశీయుడు 1922లో పాత్ర యడుగున తిరిగెడి కత్తిని అమర్చెను. పాలపానీయములు అమ్ము అంగళ్ళకై చేసినది అది. 1937లో ఫ్రెడ్ వారింగు అను వాద్యబృంద నాయకుడు ఇట్టి యంత్రమును తన పేర అంగడికి తెచ్చి ప్రసిద్ధము చేసెను. సంగీతవిద్వాంసుడు వంటపాత్ర అమ్ముట వింతయే. అంతకంటె వింత, 1952లో హెర్షీ, చేజ్ అను శాస్త్రజ్ఞులు ఆ యంత్రముతోనే సూక్ష్మజీవులను అంటియున్న వైరసుల పైతొడుగులను విదళించి, వంశలక్షణములను మోయునది డి.ఎన్.ఎ. యని చూపుట.

ఆ విదేశయంత్రములు మన మినపపప్పునకును, కొబ్బరికిని, పసుపుకొమ్మునకును తాళలేదు. 1963లో బొంబాయిలో మాధురీ మాథుర్ అను గృహిణి వాడుచుండిన జర్మనీ యంత్రము చెడిపోగా, బాగుచేయువారు దొరకలేదు. ఇంజనీరైన ఆమె భర్త సత్యప్రకాశ్ మాథుర్ మన వంటకు తట్టుకొను మోటారును తానే నిర్మింప పూనుకొనెను. ఆ ప్రయత్నఫలమైన ‘సుమీత్’ మిక్సీ 1970లో వెలువడెను. నేను గోనెసంచిలో మంచు మోసిన ఏడే అది. మన రోలునకు బదులుగా పుట్టిన ఈ యంత్రమే నేడు మంచును సైతము నలుగగొట్టుచున్నది.

ఇంట చేయదలచువారికి రెండు మాటలు. వట్టినీరు రాయివలె గడ్డకట్టును. చక్కెర కలిసిన రసము అట్లు గట్టిపడదు. నీరు మంచగుకొలది తీపి మిగిలిన ద్రవములో చిక్కబడి, దానిని గడ్డకట్టనీయదు. కావుననే మంచునూకకు మెత్తదనము. లీటరు పానకములో పండుతీపితో కలిపి నూటయిరువది మొదలు నూటయేబది గ్రాముల చక్కెర ఉండవలెను. పండిన మామిడికి పైచక్కెర ఇంచుమించు అక్కఱలేదు. నిమ్మకు కావలెను. తక్కువైనచో రాయి, ఎక్కువైనచో పాకము. రసమును ముక్కలచట్రములో గడ్డకట్టించి, కొంచెము చల్లనిరసము చేర్చి, మిక్సీని ఆపి ఆపి త్రిప్పవలెను. ద్రవము లేక ఎడతెగక త్రిప్పినచో కత్తియు, మోటారును చెడును. మంచు ఇంట కాచిన నీటితో చేసికొనుడు. చేపలబుట్టలకై చేసిన మంచు త్రాగుటకు పనికిరాదు. బజారు షర్బతులో ఏది వేసిరో అడుగక త్రాగకుడు.

ఈ చరిత్రయంతయు చెప్పునప్పటికి నా గ్లాసులోని నూక కరిగి రసమైనది. పుల్ల ఐసు సంగతి కూడ నాడే మొదటిసారి నోట వెలువడినది, మా దౌహిత్రితో. ఆ పిల్ల కొంతసేపు ఊరకుండి, “ఏ రంగుది తాతయ్యా?” అని అడిగినది.

ఎఱ్ఱనిది.