ఆపిల్ పండని దీవులలో అమెరికా పాఠాలు



పిల్లవానికి పరాయి దేశపు సంస్కృతిని పరిచయం చేయడం వేరు, దానినే వాని సంస్కృతిగా నేర్పడం వేరు. ఈ భేదాన్ని గ్రహించడానికి ఫిలిప్పీన్స్ విద్యాచరిత్ర కంటె మంచి ఉదాహరణ నాకు కనబడలేదు.

1898లో పారిస్ సంధి ప్రకారం స్పెయిన్ ఆ దీవులను రెండు కోట్ల డాలర్లకు అమెరికాకు అప్పగించింది. అప్పటికే స్వాతంత్ర్యం ప్రకటించుకొన్న ఫిలిప్పినోలు ఒప్పుకొనలేదు. 1899 ఫిబ్రవరిలో యుద్ధం మొదలయింది. ఆ యుద్ధం సాగుతుండగానే బడులు తెరిచారు. తొలి పంతుళ్ళు ఎవరనుకొన్నారు? అమెరికా సైనికులే! 1901 జనవరిలో వెలువడిన 74వ చట్టం ప్రభుత్వ పాఠశాలలను నెలకొల్పి, బోధన ఆంగ్లంలోనే సాగవలెనని నిర్ణయించింది. అదే సంవత్సరం జూలై 23న శాన్‌ఫ్రాన్సిస్కో నుండి బయలుదేరిన ‘థామస్’ అనే నౌక సుమారు 500 మంది ఉపాధ్యాయులతో ఆగస్టులో మనీలా చేరింది. ఓడ పేరు మీదుగా వారికి ‘థామసైట్లు’ అనే పేరు స్థిరపడింది.

వారిని చులకన చేయడం న్యాయం కాదు. భాష తెలియని మారుమూల పల్లెలకు వెళ్ళి, బల్లలు లేని గదులలో పాఠం చెప్పారు. కొందరు వ్యాధులకు బలి అయ్యారు. పేదవాని బిడ్డకు రుసుము లేని చదువు అందించిన ఘనతలో వారికీ భాగమున్నది.

అయితే వారి చేతిలోని పుస్తకాలు అమెరికా పిల్లల కొరకు వ్రాసినవి. ఆపిల్ పండని, మంచు కురవని దేశంలో పిల్లలు ఆపిల్ పండును గురించీ మంచును గురించీ చదివారు. వాషింగ్టన్, లింకన్‌ల చరిత్ర వల్లించారు. జూలై 4న అమెరికా స్వాతంత్ర్య దినం జరుపుకొన్నారు. 1907 నుండి 1919 వరకు తమ సొంత జెండా ఎగురవేయడమేమో చట్టరీత్యా నేరం! ఇంతకంటె విచిత్రమైన పౌరనీతి పాఠం ఉంటుందా?

లోపాన్ని గమనించినవారు ఆ ఉపాధ్యాయులలోనే ఉన్నారు. మేరీ ఫీ అనే థామసైటు మరి కొందరితో కలిసి 1907లో ఫిలిప్పీన్ పిల్లల కొరకే ఒక వాచకం సిద్ధపరచింది. తరువాత అమెరికాలో చదివి వచ్చిన కమీలో ఒసియాస్ స్వదేశపు కథలను చేర్చి వాచకాలు కూర్చాడు. అవీ ఆంగ్లంలోనే. అంటే పండు మారింది గాని పళ్ళెం మారలేదు.

1925లో కొలంబియా విశ్వవిద్యాలయ ఆచార్యుడు పాల్ మన్రో నాయకత్వంలో జరిగిన పరిశీలన, ఎక్కువమంది పిల్లలు కొద్ది తరగతులకే బడి మానుతున్నారనీ, పరభాషా మాధ్యమం చదువుకు పెద్ద అడ్డంకి అనీ చూపింది. ఇంత చూపి, ఆంగ్లాన్నే కొనసాగించమన్నది! దీవులలో ఎన్నో భాషలు ఉన్నవి, దేనిని ఎంచుకొనడం అన్నదే వారి సమస్య. అది తేలిక సమస్య అని నేననను. ఒకే తరగతిలో తెలుగు, కన్నడ, తమిళ పిల్లలను కూర్చోబెట్టుకొనే మనకు దాని బరువు తెలియనిది కాదు.

1959లో రెనాటో కాన్‌స్టాంటినో ఒక ప్రసిద్ధ వ్యాసం వ్రాసి, ఈ చదువు ఫిలిప్పినోలను సొంత గతానికి అపరిచితులను చేసిందని వాదించాడు. ఆంగ్లం వల్ల వారికి కలిగిన లాభాలను ఆయన తక్కువగా లెక్కించాడని నా అభిప్రాయం. మూలప్రశ్న మాత్రం సరియైనదే.

2009లో మాతృభాషా బోధన విధానంగా వచ్చింది. 2013లో అది చట్టంలో చేరింది. 2024 అక్టోబరులో మరొక చట్టం ఆ నిర్బంధాన్ని తొలగించింది. ఇప్పుడు తరగతిలోని పిల్లలందరిదీ ఒకే మాతృభాష అయితేనే, అదీ ఐచ్ఛికంగా, అందులో బోధించవచ్చు. దానికి కూడ ఆ భాషకు స్థిరమైన లిపి, నమోదైన పదజాలం, వ్యాకరణ గ్రంథం, సాహిత్యం, నేర్పగల ఉపాధ్యాయులు ఉండాలి. మన భాషకు మొదటి నాలుగూ ఉన్నవి. అయిదవది మీ ఊరి బడిలో ఉన్నదో లేదో మీరే చూడండి.